దేవుడికి పిల్లనిచ్చిన ఊళ్లో మనుషుల వియ్యం

ఉగాది పొద్దున దేవుని కడప గుడి ముందు వరసలో బురఖాలు కనిపిస్తాయి. బయటి ఊరివాళ్లు ఆగి చూస్తారు, ఫోన్లలో ఫొటోలు తీసుకుంటారు. కడపవాళ్లకు అదేం వింత కాదు. వేంకటేశ్వరుడు బీబీ నాంచారిని చేసుకున్నాడు కాబట్టి ఆయన తమ ఇంటి అల్లుడని ఇక్కడి ముస్లింల నమ్మకం. పండగపూట అల్లుడి గడపకు వట్టి చేతులతో పోరు కదా, కొబ్బరికాయ, బెల్లం, పూలు పట్టుకుని వస్తారు. బీబీ నాంచారి కథకు చరిత్రలో ఆధారం చూపమంటే చూపలేం. అయినా నమ్మినవాళ్లు ఆ వరసను ఏటా తప్పకుండా పాటిస్తున్నారు.

అహోబిలం కథ కూడా ఇలాంటిదే. 2022లో జిల్లాలు విడగొట్టాక అది నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ పెద్దవాళ్ల నోట ఇంకా కర్నూలు జిల్లానే. అక్కడ నరసింహస్వామి చెంచుల ఆడపడుచును మనువాడాడు. చెంచులకు ఆయన ఇంటి అల్లుడు. సంక్రాంతి వెళ్లగానే పారువేట మొదలవుతుంది. స్వామి పల్లకీలో నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెలు తిరుగుతూ, బ్రహ్మోత్సవాల్లో జరిగే తన కల్యాణానికి జనాన్ని తానే పిలుచుకుంటాడు. శ్రీశైలం మల్లన్నకూ చెంచులతో ఇలాంటి చుట్టరికమే. వాళ్ల నోట ఆయన చెంచు మల్లయ్య.

దేవుళ్లకు ఇన్ని పెళ్లిళ్లు చేసిన సీమలో మనుషుల దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. పల్లకీ మోసిన పల్లెల్లో చెంచుల ఇంటితో వియ్యమందిన కుటుంబాలను వెతకబోతే తెలుస్తుంది ఎంత అరుదో. మతాంతర వివాహాలు పెరిగితే మతాల మధ్య ద్వేషం దానంతటదే పోతుందని వేదికల మీద తరచూ వింటాం. ఆ మాటలో నిజం ఉంది, కానీ సగమే. నాకు అర్థమైనంతవరకు పెళ్లి వల్ల పోయే దురభిప్రాయం తక్కువ. ఆ తర్వాత రెండిళ్ల మధ్య రాకపోకలు సాగితే పోయేది ఎక్కువ. మన సమాజమూ చట్టమూ కలిసి సరిగ్గా ఆ రాకపోకలకే అడ్డం పడుతున్నాయి.

ఒకళ్లనొకళ్లు ఎరగకపోవడం వల్లే చులకన భావం పుడుతుందని సాధారణంగా చెప్తారు. ఇది రాయలసీమకు అంత సులువుగా అతకదు. ఇక్కడ ఎరగకపోవడం అనేదే తక్కువ. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో మొహర్రం పీర్ల పండగకు కుళ్లాయిస్వామి దగ్గరికి వచ్చే జనంలో హిందువులకు కొదవుండదు. కుళ్లాయప్ప, ఫకీరప్ప, హుసేనప్ప, మస్తానమ్మ అనే పేర్లు హిందువుల ఇళ్లలో ఉన్నాయి. కడప పెద్ద దర్గా ఉరుసుకు ఎవరు ఏ మతమో చూసి లోపలికి పంపరు. వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యుల్లో అందరికన్నా ముందు చెప్పుకునే సిద్ధయ్య దూదేకుల ఇంటి బిడ్డ. సీమ పల్లెల్లో పొలంగట్టు మీద కలిస్తే రెడ్డిగారు సాయిబును “ఏం మామా” అంటాడు, సాయిబు “ఏమప్పా అల్లుడూ” అంటాడు. ఊళ్లో అందరికీ అందరితో ఏదో ఒక వరస ఉంటుంది. మామ అని నోరారా పిలుచుకుంటారు. మామ కూతుర్ని అడగరు, అంతే.

కాబట్టి ఇక్కడ మతసామరస్యానికి ఇంకో విందు, ఇంకో ర్యాలీ పెట్టినంత మాత్రాన ఒరిగేది పెద్దగా ఉండదు. పండగలు, పేర్లు, పిలుపులు, వ్యవసాయం, అప్పు సప్పు అన్నీ కలిసే ఉన్నాయి. గీత గీసింది పెళ్లి దగ్గర. దేశమంతటా తీరు ఇదే. అమెరికా సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2019-20లో దాదాపు 30,000 మందిని అడిగి 2021లో వేసిన నివేదికలో, తమ ఆడపిల్లలు వేరే మతంలో పెళ్లి చేసుకోకుండా ఆపడం చాలా ముఖ్యం అన్నవాళ్లు హిందువుల్లో 67 శాతం, ముస్లింలలో 80 శాతం. అన్ని మతాలనూ గౌరవించాలా అని అడిగితే వీళ్లలోనే అత్యధికులు అవునన్నారు. రెండు జవాబుల్లో ఏదీ అబద్ధం కాదు. గౌరవిస్తాం, కానీ పిల్లనివ్వం అంటున్నారు.

ఎందుకివ్వరు అంటే ‘మతం వేరు’ అనేది నోటికి ముందొచ్చే కారణం. దాని వెనక ఇంకా చాలా ఉన్నాయి.

సీమలో మేనరికం బలమైనది. మేనమామ కొడుకు, మేనత్త కూతురు అని పిల్లలు ఊయల్లో ఉండగానే అనుకోవడం మొన్నమొన్నటి దాకా ఉంది, ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉంది. అలాంటి ఇంట్లో అమ్మాయి బయట ఎవరినో ఎంచుకుంటే, తల్లి దృష్టిలో ముందుగా తెగేది మతం కాదు, పుట్టింటితో చుట్టరికం. “అన్నకు నేనేం మొగం చూపించాల?” అన్నదే ఆమె బాధ. దాని పక్కనే పొలం ఉంటుంది. మేనరికం చేసేదే ఆస్తి చేయి దాటకుండా. ఇక ఇంట్లో రెండో కూతురు ఉంటే “దీని చెల్లెలి పెళ్లి ఎట్లయితాది?” అనే టెన్షన్ మిగతా అన్నిటినీ మింగేస్తుంది. ఈ మాట అనేవాళ్లలో చాలామందికి ఎదుటి మతం మీద ప్రత్యేకమైన ద్వేషం ఏమీ ఉండదు. ఊరి నోరంటే భయం. ద్వేషం ఉన్నవాడికి చెప్పే నీతిబోధ భయం ఉన్నవాడికి చెప్తే పనిచేయదు. మన సంస్కర్తలు చాలాసార్లు పొరబడేది ఇక్కడే అనిపిస్తుంది.

ఇంకా లోపలికి పోతే మతం కన్నా కులం గట్టిదని తేలుతుంది. కడప, జమ్మలమడుగు, నంద్యాల, గుత్తి వైపు మిషనరీలు వచ్చింది 19వ శతాబ్దంలో. అప్పటి నుంచి మాలపల్లెల్లో ఒకే ఇంట్లో అన్న చర్చికి, తమ్ముడు గుడికి పోయే కుటుంబాలు ఉన్నాయి. వీళ్ల మధ్య సంబంధాలు ఇట్టే కుదురుతాయి. పెళ్లికూతురు బొట్టు పెట్టుకుని వచ్చి, ప్రార్థన అయ్యాక అత్తగారింట్లో దీపం వెలిగించినా ఎవరూ పట్టించుకోరు. నిఘంటువు ప్రకారం ఇది మతాంతర వివాహం. ఊరి ప్రకారం సొంతంలో పెళ్లి. అదే అబ్బాయి అదే చర్చికి వచ్చే వేరే కులం అమ్మాయిని చేసుకుంటానంటే మాత్రం ఒకే బైబిలు పట్టుకున్న రెండు కుటుంబాలూ మాటలు మానేస్తాయి. దూదేకులవాళ్లదీ ఇలాంటి సంగతే. ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ముస్లింలు వీళ్లు. మసీదులో పక్కపక్కన నిలబడే సయ్యద్, పఠాన్ కుటుంబాల్లో వీళ్లకు పిల్లనివ్వడానికి వెనకాడేవాళ్లున్నారు.

పైగా ఇలాంటి ఒకే కులంలోని రెండు మతాల పెళ్లి కాగితం మీదికి రావడానికి జంకుతుంది. దానికి కారణం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. దాని ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండేది, తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు, రిజర్వేషన్ ఒక్క శాతం. చర్చి రిజిస్టర్‌లో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు ఎందుకుంటాయో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. అందుకే మతాంతర వివాహాల గణాంకాలు చూసేటప్పుడు, ఏ గొడవా లేకుండా జరిగిపోయేవే వాటిలోకి రావడం కష్టమని గుర్తుపెట్టుకోవాలి.

గొడవయ్యేవి ఏవంటే కులమూ మతమూ రెండూ దాటేవి. దాటిన రెండిళ్లలో ఒకటి బలమైనదీ ఒకటి బలహీనమైనదీ అయినప్పుడు గొడవ ఇంకా పెద్దది.

గార్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో, రెండు వర్గాలు దగ్గరైతే చాలు ద్వేషం తగ్గుతుందనే నమ్మకాన్ని ప్రశ్నించాడు. దగ్గరవడం పనిచేయాలంటే నాలుగు ఉండాలన్నాడు: ఇద్దరిదీ సమాన స్థాయి, ఒకే లక్ష్యం, కలిసి పనిచేయడం, పెద్దల లేదా చట్టం అండ. అర్ధ శతాబ్దానికి మించిన కాలంలో జరిగిన 500కు పైగా అధ్యయనాలను 2006లో ఇద్దరు పరిశోధకులు ఒకచోట చేర్చి చూస్తే, పరిచయం చాలావరకు దురభిప్రాయాన్ని తగ్గిస్తుందనీ, ఈ నాలుగూ ఉన్నచోట ఇంకా ఎక్కువ తగ్గిస్తుందనీ తేలింది. మన పల్లెల్లో ఇందులో మొదటిది ఎప్పటి నుంచో సామెతగా ఉంది: కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ కావాలి. సామెత చెప్పేవాళ్లు దాన్ని సంబంధం వద్దనడానికి వాడతారు. కానీ అందులోని గమనింపు తప్పు కాదు. జమీందారు ఇంటి పాలేరుకు జమీందారుతో రోజూ పరిచయమే. దానివల్ల జమీందారు అభిప్రాయం మారలేదు.

ఈ కొలత పెట్టి చూస్తే పారిపోయి చేసుకున్న పెళ్లికి, రెండిళ్లవాళ్లూ కూర్చుని చేసిన పెళ్లికి మధ్య ఉన్న దూరం కనిపిస్తుంది. మొదటి దాంట్లో ఆ ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ఏ దురభిప్రాయమూ ముందే లేదు, ఉంటే ప్రేమించుకునేవాళ్లే కాదు. మారాల్సినవాళ్లు మిగతావాళ్లు. వాళ్లేమో తలుపులు మూసుకున్నారు. పెద్దల అండ లేదు, కలిసి చేసే పని లేదు. పైగా “చూశారా, మన పిల్లను ఎట్ల ఎత్తకపోయినారో” అని ఉన్న అభిప్రాయం ఇంకా గట్టిపడుతుంది. ఇది ఆ జంట తప్పు కాదు, వాళ్లకు వేరే దారి ఎవరూ ఉంచలేదు. కానీ అలాంటి పెళ్లి నుంచి సమాజం ఏదో నేర్చుకుంటుందని ఆశించడం మాత్రం అన్యాయం.

1936లో లాహోర్ సభ కోసం అంబేడ్కర్ ఒక ప్రసంగం రాశారు. నిర్వాహకులకు అందులోని మాటలు మింగుడుపడక సభనే రద్దు చేశారు. సహపంక్తి భోజనాలు చాలవు, కులాంతర వివాహమే అసలు మందు అన్న ఆయన వాదన అందరూ ఎత్తి చూపుతారు. అదే ప్రసంగంలో, జనం ఎందుకు ఒప్పుకోరో కూడా ఆయన చెప్పారు. వాళ్లు పవిత్రంగా భావించే నమ్మకాలకు అది విరుద్ధం కాబట్టి, ఆ నమ్మకాల జోలికి పోకుండా పెళ్లిళ్లు చేసుకోండి అంటే లాభం లేదన్నారు. ఈ రెండో సగాన్ని వేదికల మీద ఎవరూ చదవరు.

చట్టం సంగతి కొంచెం వివరంగా చూడాలి. ఇక్కడే జనానికి తెలియనివి ఎక్కువ.

మతం మారకుండా ఇద్దరు వేరే మతాలవాళ్లు పెళ్లి చేసుకోవడానికి ఉన్నది ప్రత్యేక వివాహ చట్టం. అది 1954 నాటిది. అంతకుముందు 1872 చట్టం ఉండేది గానీ, దాని కింద చేసుకోవాలంటే మాకు ఈ మతాలేవీ లేవని ప్రకటించాలి. 1954తో ఆ షరతు పోయింది. ఎవరి మతం వాళ్లు ఉంచుకోవచ్చు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి, అప్పటికే పెళ్లయి భార్యో భర్తో ఉండకూడదు, నిషిద్ధమైన దగ్గరి బంధుత్వం ఉండకూడదు, ఇష్టం చెప్పగల మానసిక స్థితి ఉండాలి. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి. ముగ్గురు సాక్షులు కావాలి. ఇంతవరకు బాగానే ఉంది.

అసలు చిక్కు నోటీసు దగ్గర. దరఖాస్తు ఇచ్చాక దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేచోట అంటించాలి, 30 రోజులు ఆగాలి. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. గోడకు బోర్డు, దాని కింద బెంచీ, బెంచీ మీద దస్తావేజు లేఖర్లు, స్టాంపు పేపర్లకు వచ్చినవాళ్లు, భూముల బ్రోకర్లు. ఎవరి పొలం ఎవరికి పోతోందో చూసుకోవడమే వాళ్ల పని. ఆ బోర్డు మీద ఒక అమ్మాయి పేరు, తండ్రి పేరు, ఊరు, ఆ పక్కనే వేరే మతం అబ్బాయి పేరు, తండ్రి పేరు, ఊరు. ఒక ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? బెంగళూరులో ఉద్యోగం చేస్తూ అక్కడ దరఖాస్తు ఇచ్చినా తప్పించుకోలేరు. శాశ్వత నివాసం వేరే జిల్లా అయితే నోటీసు కాపీని అక్కడికీ పంపి అక్కడి బోర్డు మీద కూడా అంటించాలని చట్టంలోనే ఉంది.

అభ్యంతరం ఎవరైనా చెప్పవచ్చు. కానీ వయసు, ముందు పెళ్లి, బంధుత్వం, మానసిక స్థితి లాంటి చట్టంలోని షరతుల మీదే చెప్పాలి. ‘మాకిష్టం లేదు’, ‘మతం వేరు’ అన్నవి అభ్యంతరాలే కావు. దురుద్దేశంతో చెప్పినవాడి నుంచి ఖర్చులు వసూలు చేయొచ్చు, గరిష్ఠంగా 1,000 రూపాయలు. 1954లో అది పెద్ద మొత్తమే. ఈరోజు కడపలో ఒక ఫ్లెక్సీ బ్యానర్ ఖర్చు. ఇష్టమైతేనే నోటీసు వేయాలి, బలవంతం కూడదని 2021లో అలహాబాద్ హైకోర్టు తీర్పు ఇచ్చింది గానీ అది మన రాష్ట్రాన్ని కట్టడి చేయదు.

ఈ 30 రోజులకు భయపడి జంటలు అడ్డదారులు వెతుకుతాయి. గుళ్లో తాళి కట్టుకోవడం అందులో మొదటిది. హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది (బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా దాని కిందికే వస్తారు). మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కేసులో, హిందూ అమ్మాయి, క్రైస్తవ అబ్బాయి గుళ్లో పెళ్లి చేసుకుని రిజిస్టర్ కూడా చేయించుకున్నారు. అయినా ఆ పెళ్లి మొదటి నుంచీ చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. రిజిస్ట్రేషన్ కాగితం చేతిలో ఉన్నంత మాత్రాన చెల్లని పెళ్లి చెల్లుబాటు కాదు. చర్చిలో అయితే సంగతి వేరు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు. ముస్లిం అబ్బాయి మతం మారని హిందూ అమ్మాయిని నికా చేసుకుంటే అది సక్రమం కాని పెళ్లి అవుతుందనీ, వాళ్ల పిల్లలకు మాత్రం తండ్రి ఆస్తిలో హక్కు ఉంటుందనీ 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. భార్యకు ఆ వారసత్వం లేదు. ప్రేమలో ఉన్న ఇరవై రెండేళ్ల పిల్లకు ఇదంతా ఎవరు చెప్తారు?

ఇంకొకటి, మతం మారి చేసుకుంటే. మారినంత మాత్రాన పుట్టింటి ఆస్తిలో తన వారసత్వ హక్కు పోదు, ఆ రక్షణ 1850 నుంచే ఉంది. కానీ మారిన తర్వాత పుట్టిన పిల్లలు, వాళ్లు హిందువులుగా ఉంటే తప్ప, హిందూ బంధువుల ఆస్తికి వారసులు కాలేరని హిందూ వారసత్వ చట్టం అంటుంది. తాత వీలునామా రాస్తే అది వేరే మాట. ప్రత్యేక వివాహ చట్టం కింద వేరే మతంవాళ్లను చేసుకున్న హిందువు ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడినట్టే లెక్క. తన వాటా తనకు వస్తుంది, ఉమ్మడిగా ఉండే అవకాశం మాత్రం పోతుంది. ఆ దంపతుల ఆస్తి పంపకం ఎవరి మత చట్టం ప్రకారమూ కాకుండా 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం జరుగుతుంది. కొడుకు వేరే మతంలో చేసుకున్నాడని కోపంగా ఉన్న తండ్రికి చట్టమే “నీ కొడుకు వేరుపడ్డాడు” అని చెప్పడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. ఇద్దరూ హిందువులైతే, కులం ఏదైనా, 1976 సవరణ తర్వాత ఈ వేరుపాటు వర్తించదు.

వీటన్నిటికన్నా బరువైనది ప్రాణభయం. 2018లో మిర్యాలగూడ, 2020 డిసెంబర్ చివర మన ఆదోని, 2022లో హైదరాబాద్ సరూర్‌నగర్, మూడుచోట్లా పరువు పేరుతో హత్యలు జరిగాయి. మొదటి రెండూ కులం దాటినందుకు, మూడోది మతం దాటినందుకు. ముగ్గురూ అబ్బాయిలే, ముగ్గురి భార్యలూ మిగిలారు. కులాంతర వివాహాలు దేశానికి మేలు చేసేవే అని, అలాంటి జంటలకు పోలీసులు రక్షణ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. 2018లో ఇంకో అడుగు వేసి ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం, అవసరమైతే సురక్షిత వసతి ఉండాలని ఆదేశించింది. ఈ పరిస్థితుల్లో, సమాజాన్ని మార్చడానికి మతాంతర వివాహం చేసుకోండి అని యువతకు పిలుపునివ్వడం, మనం దిగని చెరువు లోతు కొలవడానికి వేరేవాళ్ల పిల్లలను దింపడమే. పెళ్లి చేసుకునేవాళ్లు ఇష్టపడి చేసుకోవాలి. సంస్కరణ బాధ్యత చుట్టూ ఉన్నవాళ్లది.

ప్రొద్దుటూరు దగ్గర నేను భోంచేసిన ఒక పెళ్లి సంగతి ఇక్కడ చెప్పాలి. అమ్మాయివాళ్లు హిందువులు, అబ్బాయివాళ్లు ముస్లింలు. రెండు వైపులా నానా మాటలూ అయ్యాక రిజిస్టర్ పెళ్లి చేసి, ఫంక్షన్ హాల్లో భోజనాలు పెట్టారు. పంతులు లేడు, ఖాజీ లేడు. దండలు మార్చుకున్నారు, అత్తగారు కోడలి మెడలో నల్లపూసలు వేసింది. వాటి దగ్గర ఎవరికీ పేచీ రాలేదు, అవి రెండు వైపులా ఉన్నవే కదా. పేచీ అంతా వంట దగ్గర. వేటను ఎవరు కోయాలన్నది కూడా కాదు, సీమలో చాలా పల్లెల్లో హిందువుల జాతరకూ కోతకు సాయిబునే పిలుస్తారు. నీసు తినని పెద్దవాళ్ల గిన్నెల గురించి వచ్చింది. నేను కూర్చున్న వరస వెనకే వియ్యపురాళ్లిద్దరూ నిలబడి మాట్లాడుకుంటున్నారు.

“ఆపా, మా పెద్దమ్మోళ్లు నీసు తగిలిన గంటె కూడా ముట్టరు. ఏమనుకోవద్దు.”

“అనుకునేదేముంది వదినా? ఆ పొయ్యి కాడికి మావోళ్లను ఎవుర్నీ పోనీలే. వంటాయన్ని మీరు తెచ్చినారు, గిన్నెలు గూడా మీయే.”

ఒక పక్క బిర్యానీ, దాల్చా. ఇంకో పక్క ఓళిగలు, చిత్రాన్నం. పెద్దమ్మగారు తిన్నారు. అమ్మాయి పెదనాయన మాత్రం గేటు దాకా వచ్చి, చదివింపుల కవరు మనవడి చేత లోపలికి పంపి వెళ్లిపోయాడు.

మనస్తత్వ శాస్త్రంలో 1997 నుంచి ఇంకో విషయం గట్టిగా చెప్తున్నారు. నాకు ఎదుటి వర్గంలో స్నేహితుడు లేకపోయినా, మావాళ్లలో ఒకరికి ఉన్నాడని తెలిస్తే చాలు, నా అభిప్రాయం కొంత మెత్తబడుతుంది. ఒక పెళ్లికి ఇద్దరే దంపతులు. చుట్టాలు మాత్రం రెండు వైపులా వందలమంది. “మా వెంకటన్న ఆ ఇంట్లో భోంచేశాడంట” అన్న మాటకు ఉన్న బలం అక్కడుంది. బహిరంగంగా జరిగిన పెళ్లికే ఆ బలం. దాచుకున్న పెళ్లికి సాక్షులు ఉండరు కాబట్టి ఈ మెత్తబడడం ఉండదు.

అయితే దీనికీ ఒక గండి ఉంది. ఆ పెళ్లి అయిన కొన్నాళ్లకు అమ్మాయి పిన్నమ్మ కనిపించింది. కాన్పుకు ఆస్పత్రిలో రెండు కుటుంబాలూ వంతులేసుకుని కూర్చున్నాయని, అల్లుడు రాత్రంతా మేలుకున్నాడని మురిసిపోతూ చెప్పింది. ఆఖర్న, “మా అల్లుడు బంగారం నాయనా. వాళ్లలో అందరూ అట్లుండర్లే” అంది. దురభిప్రాయం ఇలా బతికిపోతుంది. మంచివాడు కనిపిస్తే అతన్ని పక్కకు తీసి మినహాయింపు అంటుంది, మిగతా అభిప్రాయాన్ని ఎక్కడిదక్కడ ఉంచుకుంటుంది. అల్లుడు ఒక్కడే ఎరికైతే అతను మినహాయింపే అవుతాడు. అతని అక్క, మేనమామ, పక్కింటి చాచా, వాళ్ల ఇంట్లో జరిగే తగాదాలు, అప్పులు కూడా ఎరికైతే అప్పుడు వాళ్లూ మనలాంటి రకరకాల మనుషులే అని తెలుస్తుంది. అందుకు ఏళ్లు పడుతుంది, పండగలకూ చావులకూ వచ్చిపోవడం పడుతుంది. దేవుని కడపకు వచ్చేవాళ్లు ఏటా రావడం మానితే అక్కడి వరస కూడా ఉత్త కథే అయ్యేది.

పిల్లలు పుట్టాక ప్రభుత్వం మళ్లీ ఇంట్లోకి వస్తుంది, ఈసారి సర్టిఫికెట్ రూపంలో. పెళ్లి వల్ల భార్య కులం మారదు. పిల్లలది మామూలుగా తండ్రి కులం అనుకుంటారు, కానీ ఎస్సీ లేదా ఎస్టీ తల్లి దగ్గర ఆ సమాజంలో ఒకరిగా, ఆ కష్టాలు పడుతూ పెరిగామని చూపిస్తే తల్లి కులం పొందవచ్చని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. పేరు దగ్గర చాలామంది తెలివిగా రెండు వైపులా నడిచే పేర్లు వెతుక్కుంటారు. సమీర్, సారా, కబీర్ లాంటివి. ఇక ప్రోత్సాహకాల విషయానికొస్తే, 2022 అక్టోబర్‌లో రాష్ట్రంలో మొదలైన కల్యాణమస్తు పథకంలో ఎస్సీ, ఎస్టీల కులాంతర వివాహానికి 1,20,000 రూపాయలు, బీసీల కులాంతర వివాహానికి 75,000 ప్రకటించారు. మతాంతరానికి విడిగా వరస పెట్టలేదు. పెట్టి ఉంటే ఎంత గొడవ జరిగేదో ఊహించుకోవచ్చు. డబ్బుకు వియ్యాలు కుదురుతాయని నేననుకోను గానీ, ఇంటి నుంచి గెంటేసిన జంటకు మొదటి మూడు నెలల అద్దెకు అది పనికొస్తుంది.

ఇళ్లలో ఈ ప్రశ్న ఎదురైనవాళ్లు అడిగేది ఒకటే: పెద్దల మాటా నిలవాలి, చట్టం ముందూ పెళ్లి నిలవాలి, దారి ఉందా? ఉంది, తెలిసినవాళ్లు తక్కువ. ప్రత్యేక వివాహ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, ముందు ఏ పద్ధతిలోనైనా పెళ్లి జరిపించుకుని భార్యాభర్తలుగా కలిసి ఉంటున్నవాళ్లు తర్వాత ఆ పెళ్లిని ఈ చట్టం కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. రిజిస్టర్ చేసే నాటికి ఇద్దరికీ 21 ఏళ్లు నిండి ఉండాలి, అమ్మాయికి కూడా. మిగతా షరతులు దాదాపు అవే. ఇందులోనూ 30 రోజుల నోటీసు తప్పదు. తేడా ఏమిటంటే, అది బోర్డు మీదికి ఎక్కేసరికి రెండు ఇళ్లలోనూ విషయం తెలిసి, మాటలు పడి, భోజనాలు కూడా అయిపోయి ఉంటాయి. బెంచీ మీద కూర్చున్న బ్రోకరు ఫొటో తీసి పంపినా చూసేవాళ్లకు అది పాత వార్తే. సర్టిఫికెట్ మీద ముగ్గురు సాక్షుల సంతకాలు కావాలి, ఆ సంతకాలు పెట్టడానికి ఇద్దరు వియ్యంకులూ రావచ్చు.